జేఎస్‌టీ పిన్నులకు ఏ క్రింపింగ్ టూల్ కొనాలి? కటింగ్ ప్లేయర్‌తో నొక్కి నొక్కి విసిగిపోయాను

మిద్దెతోట (అనంతపురం), ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను బడిపంతులును. ఎలక్ట్రానిక్స్ చదువుకోలేదు, వీడియోలు చూసి నేర్చుకున్నదే. మిద్దె మీద ముప్పై కుండీలున్నాయి. వాటికి డ్రిప్పు పెట్టి, మట్టిలో తేమ చూసే సెన్సర్లు ఆరు గుచ్చి, ఈఎస్‌పీ 32 అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో వాల్వు తిరిగేలా చేశాను. సెన్సర్ల వైర్లన్నిటికీ తెల్లగా ఉండే జేఎస్‌టీ ఎక్స్‌హెచ్ కనెక్టర్లు వాడాను. లోపలి పిన్నులను వైరుకు నొక్కి బిగించడాన్నే క్రింపింగ్ అంటారట, నేను కటింగ్ ప్లేయర్‌తోనే నొక్కాను.

ఆషాఢం గాలి మొదలైందంటే మా ఊళ్లో మిద్దె మీద బట్టలే నిలవవు, ఇక వైర్లెంత? మొన్న రాత్రి గాలికి ఒక పిన్ను వదులైంది. మట్టి ఎండిపోయిందని బోర్డు అనుకుంది, వాల్వు తెల్లారేదాకా తెరిచే ఉంది. వెయ్యి లీటర్ల ట్యాంకు ఖాళీ. అనంతపురంలో ఒక ట్యాంకు నీళ్లు వీధిపాలు చేస్తే ఇంట్లో ఏం వినాల్సి వస్తుందో ఇక్కడున్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఏదైనా మంచి టూల్ చెప్పండి. రెండు వేలు దాటితే కష్టం.

కారందోశ (కడప), ఆదివారం రాత్రి 9:40

సార్, ముందు ఒక హెచ్చరిక. అంగట్లో "క్రింపింగ్ టూల్ ఇవ్వండి" అని మాత్రం అడగకండి. ఇంటర్నెట్ కేబుల్ చివర పెట్టే ఆర్‌జే 45 టూల్ చేతిలో పెడతారు. నేను ఏడు రోడ్ల దగ్గర కొని, ఇంటికొచ్చి డబ్బా విప్పి చూసి తల పట్టుకున్నాను. విప్పినదాన్ని వెనక్కి తీసుకోం అన్నారు. ఇంకో అంగట్లో "థింబుల్ కొట్టేదా?" అని అడిగారు. అది మోటారు వైర్ల చివర తొడిగే లగ్గులు నొక్కేది, మూరెడు పొడవుంది. మనకు కావాల్సింది ఈ రెండూ కాదు.

షెడ్డుమామ (గుంతకల్లు), ఆదివారం రాత్రి 10:05

పంతులు గారూ, నేను రైల్వే డీజిల్ షెడ్డులో ఎలక్ట్రికల్ వైపు పనిచేసి రిటైరయ్యాను. నా మాట ఒక్కటి వినండి. టూల్ తర్వాత, ముందు పిన్ను సంగతి తేల్చుకోండి. చెప్పు కొలత చూడకుండా కాలు కోసుకోలేం కదా.

పిన్నుల్లో జాతులున్నాయి. మీరు వాడే ఎక్స్‌హెచ్‌లో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం 2.5 మి.మీ. దాని తమ్ముడు పీహెచ్‌లో 2.0 మి.మీ. అందరూ డ్యూపాంట్ అనే నల్ల కనెక్టర్లలో 2.54 మి.మీ. ఇవన్నీ రెక్కల పిన్నులే, రేకును వంచి చేసినవి. రంగు ప్లాస్టిక్ తొడిగిన ఎరుపు, నీలం, పసుపు లగ్గులు వేరే జాతి, వాటిని చదునుగా నొక్కితే చాలు. రెక్కల పిన్నుకు అలా కుదరదు. రెండు రెక్కలూ లోపలికి చుట్టుకుని వైరు పోగుల మధ్యకు దిగాలి. టూల్ నోట్లో ఆ ఆకారపు గాడి లేకపోతే ఎంత బలంగా నొక్కినా దండగ. కటింగ్ ప్లేయర్ చేసేది అప్పడం.

టంకంతాత (కడప), సోమవారం ఉదయం 6:20

ఇంత రాద్ధాంతం ఎందుకప్పా. ప్లేయర్‌తో మెల్లగా ఒత్తి, ఒక చుక్క సాల్డరింగ్ పెట్టు, అయిపాయె. నలభై ఏండ్లుగా రేడియోలు, టీవీలు బాగు చేస్తున్నా. నేను పెట్టిన టంకం ఊడిందని ఒక్కరూ వెనక్కి రాలేదు.

మిద్దెతోట (అనంతపురం), సోమవారం ఉదయం 7:02

తాతగారూ, అదీ చేశాను. నాలుగు పిన్నులకు సాల్డరింగ్ పెట్టాను. రెండు హౌసింగ్‌లోకి, అంటే ఆ తెల్ల ప్లాస్టిక్ డబ్బాలోకి, దూరనే లేదు, సీసం ఉబ్బెత్తుగా నిలిచింది. దూరినవాటిలో ఒకటి నెల తిరగకుండా తెగింది. పిన్ను దగ్గర కాదు, అక్కడికి కొంచెం వెనక, ఇన్సులేషన్ లోపల.

షెడ్డుమామ (గుంతకల్లు), సోమవారం ఉదయం 8:15

తెగేది అక్కడే. తాతగారి మీద నాకు గౌరవం ఉంది, రేడియో లోపల ఆయన టంకానికి తిరుగులేదు. అక్కడ వైరు కదలదు కదా. సాల్డరింగ్ కరిగినప్పుడు దీపం వత్తి నూనె పీల్చినట్టు పోగుల మధ్యకు పాకుతుంది. పాకిన మేరకు వైరు ఇనుప చువ్వలాగా బిగుస్తుంది, ఆ తర్వాత మళ్లీ మెత్తన. గాలికి ఊగేటప్పుడు వంపంతా ఆ రెండింటి సరిహద్దులోనే పడుతుంది. ఇంజిన్ అదురుకు అలా తెగిన వైర్లు నేను లెక్కలేనన్ని చూశాను.

సరిగ్గా నొక్కిన క్రింపులో రాగి, రేకు ఒకదానిలో ఒకటి ఒరుసుకుని మధ్యలో గాలి చొరకుండా అతుక్కుంటాయి. గాలి లేకపోతే చిలుము లేదు. జేఎస్‌టీ అనే పేరులోనే ఈ సంగతి ఉంది. జపాన్ సోల్డర్‌లెస్ టెర్మినల్ అని దాని పూర్తి పేరు.

టంకంతాత (కడప), సోమవారం ఉదయం 8:31

పేర్లదేముందిలే. మా వీధిలో ఒకాయన పేరు ధనరాజు, నాకు ఇంకా రెండు వేలు బాకీ.

హార్నెస్‌పిల్ల (పెనుకొండ), సోమవారం సాయంత్రం 7:48

నేను కార్ల వైరింగ్ హార్నెస్, అంటే వైర్ల కట్టలు, తయారుచేసే చోట క్వాలిటీలో ఉన్నాను. ఎక్కడో అడగొద్దు 🙂 మాకు రోజంతా ఇదే పని కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

పిన్నుకు రెండు జతల రెక్కలుంటాయి. ముందున్నవి చిన్నవి, అవి రాగిని పట్టాలి. వెనకున్నవి పెద్దవి, అవి ఇన్సులేషన్‌ను పట్టాలి. ఎక్కువమంది చేసే తప్పు ఇన్సులేషన్‌ను ముందు రెక్కల్లోకి తోసేయడం. చూడటానికి గట్టిగా ఉంటుంది, కరెంటు మాత్రం ఒకసారి పోతుంది, ఒకసారి పోదు. దీనికి అటువైపు తప్పు, ఇన్సులేషన్ ఎక్కువ ఒలిచేసి వెనక రెక్కలతో కూడా రాగినే పట్టించడం. అప్పుడు లాగుడంతా సన్న పోగుల మీద పడుతుంది. రెండు జతల మధ్య చిన్న సందుంటుంది. ఆ సందులో సగం రాగి, సగం ఇన్సులేషన్ కనిపిస్తే సరిగ్గా పెట్టినట్టు. ముందువైపు పోగుల చివర్లు బ్రష్షు లాగా కొంచెం బయటికి కనిపించాలి.

ఇంకొకటి చూడండి. రాగి రెక్కల వెనక అంచు సన్నాయి మూతిలా కొద్దిగా విచ్చుకుని ఉండాలి. మేం బెల్‌మౌత్ అంటాం. అది లేకపోతే అంచు కత్తిలాగా పోగులను కోస్తుంది. చవక టూల్స్‌లో సరిగ్గా రానిది ఇదే.

మా దగ్గర నొక్కిన ఎత్తును మైక్రోమీటర్‌తో కొలుస్తాం. పిన్ను కంపెనీవాళ్లే ఏ వైరుకు ఎంత ఎత్తుండాలో పట్టిక ఇస్తారు. తక్కువ నొక్కితే ఊడుతుంది, మరీ ఎక్కువ నొక్కినా పోగులు తెగి ఊడుతుంది. "గట్టిగా నొక్కితే గట్టిగా ఉంటుంది" అనుకుంటారు చూడండి, కొత్తగా చేరిన ప్రతి ఒక్కరితో మాకు అదే తలనొప్పి.

మిద్దెతోట (అనంతపురం), సోమవారం రాత్రి 9:30

అమ్మా, ఇంత ఓపికగా రాసినందుకు ధన్యవాదాలు. ఇప్పుడే భూతద్దం పెట్టి చూశాను. నా పిన్నుల్లో సగానికి ఇన్సులేషన్ ముందు రెక్కల్లోనే ఉంది. సిగ్గేసింది.

మరి టూల్ పేరు? ఆన్‌లైన్‌లో చూస్తే ఎస్‌ఎన్ 28బి, ఎస్‌ఎన్ 01బీఎం, ఎస్‌ఎన్ 2549 అని కారు నంబర్లలాగా ఉన్నాయి.

బురుజునీడ (కర్నూలు), సోమవారం రాత్రి 10:22

సార్, నాకు డ్రోన్ల పిచ్చి. ఈ మూడూ కొని, ఒకదాన్ని పక్కన పడేశాను. అంటే నా డబ్బుతో మీ పరీక్ష అయిపోయింది.

28బి అందరిళ్లలోనూ ఉంటుంది. డ్యూపాంట్ పిన్నులకు పర్వాలేదు. ఎక్స్‌హెచ్‌కు గాడి కొంచెం వదులు, సన్న వైరైతే రెక్కలు సరిగ్గా చుట్టుకోవు. పీహెచ్ జోలికైతే దాంతో అసలు వెళ్లొద్దు. 01బీఎం సన్న పనికి. 28 నుంచి 20 గేజి వరకు (గేజి అంకె పెరిగేకొద్దీ వైరు సన్నం), అంటే 0.08 నుంచి 0.5 చదరపు మి.మీ. దాకా పడుతుంది. పీహెచ్‌కు నేను వాడేది ఇదే. 2549 అనేది 2.54, 3.96 మి.మీ. దూరమున్న పిన్నులకు. 2.5 ఉన్న ఎక్స్‌హెచ్ కూడా అందులో చక్కగా కూర్చుంటుంది. నాకు డ్యూపాంట్, ఎక్స్‌హెచ్ రెండూ ఉన్నాయి కాబట్టి చెయ్యి ఎక్కువగా దానిమీదికే పోతుంది. మీకు ఎక్స్‌హెచ్ ఒక్కటే అయితే 01బీఎం, 2549లలో ఏదైనా సరే, రెండు వేల లోపే.

ఈ మూడూ రాట్చెట్ టూల్సే. పూర్తిగా నొక్కేదాకా నోరు తెరవవు. మొదట్లో చికాకేస్తుంది, కానీ సగం నొక్కి వదిలేసే అవకాశం లేకపోవడమే వాటి గొప్పతనం. పిన్ను వంకరగా ఇరుక్కుంటే విడిపించడానికి హ్యాండిళ్ల మధ్య చిన్న మీట ఉంటుంది, అది తెలియక నేను మొదటిదాన్ని స్క్రూలు విప్పి తీశాను.

రాట్చెట్ లేకుండా ఇంకో రకం ఉంది. జపాన్ ఇంజనీర్ కంపెనీ పీఏ 09. దాంట్లో 1.0, 1.4, 1.6, 1.9 మి.మీ. వెడల్పు గాడులుంటాయి. రాగి రెక్కలు ఒకసారి, ఇన్సులేషన్ రెక్కలు ఇంకోసారి నొక్కాలి. పని నిదానం, కానీ వింత పిన్ను ఏదొచ్చినా దారి చూపిస్తుంది. ధర మీ రెండు వేలకు అందదు. ఇక జేఎస్‌టీ వాళ్ల అసలు టూల్ పదుల వేలు, ఒక్కో పిన్నుకు ఒక్కో టూల్. అది మనలాంటోళ్లకు కాదు.

షెడ్డుమామ (గుంతకల్లు), మంగళవారం ఉదయం 7:10

బురుజు నాయనా, బాగా చెప్పావు. ఆ డ్యూపాంట్ సంగతి ఒకటి చేర్చనీ. ఆ కనెక్టర్లు బెర్గ్ అనే కంపెనీవి. 1972లో డ్యూపాంట్ ఆ కంపెనీని కొన్నది, అందుకు ఆ పేరు. తర్వాత చేతులు మారి మారి ఇప్పుడు ఆమ్‌ఫెనాల్ దగ్గరుంది. మన బజార్లో డ్యూపాంట్ పేరుతో దొరికేవి దాదాపు అన్నీ నకళ్లే, ఒక సంచిలో పిన్ను ఇంకో సంచిలో పిన్నులా ఉండదు. అందుకే "నా టూల్ బాగుంది", "నా టూల్ పనికిరాదు" అని ఒకే టూల్ మీద ఇద్దరు కొట్లాడుకుంటుంటారు. పిన్నులు ఒకేచోట ఎక్కువ కొని పెట్టుకో, టూల్‌కు అలవాటవుతుంది.

కలబంద (తాడిపత్రి), మంగళవారం మధ్యాహ్నం 1:15

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. మాకు సోలార్ మోటారు ఉంది. ప్యానెల్ కింద వైర్లను కలిపే ఎంసీ 4 కనెక్టర్ కాలి నల్లబడింది. ఈ టూల్‌తో కొత్తది నొక్కచ్చా?

బురుజునీడ (కర్నూలు), మంగళవారం మధ్యాహ్నం 2:03

వద్దన్నా. ప్యానెల్ కేబుల్ 4 లేదా 6 చదరపు మి.మీ. ఉంటుంది, దానికి వేరే నోరున్న టూల్ కావాలి. పైగా ప్యానెళ్లు వరసగా కలిపి ఉంటే వందల వోల్టుల డీసీ. మోటారు నడుస్తుండగా ఆ కనెక్టర్ లాగితే మంట లేస్తుంది, డీసీ మంట తొందరగా ఆరదు. ముందు మోటారు ఆపి, డీసీ స్విచ్ కట్టేయాలి. మా ఓర్వకల్లు వైపు వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కులో పనిచేసొచ్చిన స్నేహితుడు ఒకటే చెబుతాడు: ఒక కంపెనీ మగ కనెక్టర్‌ను ఇంకో కంపెనీ ఆడ కనెక్టర్‌కు కలపొద్దు. చూడటానికి బిగుసుకుంటుంది, లోపల వేడెక్కుతుంది. మీది నల్లబడింది అందుకే కావచ్చు. పంపుసెట్ బిగించినవాళ్లనే పిలవండి.

కలబంద (తాడిపత్రి), మంగళవారం మధ్యాహ్నం 2:20

సరే బ్రదర్. ఇప్పుడే చూశా, రెండు వైపులా రెండు పేర్లున్నాయి.

మిద్దెతోట (అనంతపురం), ఆదివారం సాయంత్రం 5:30

2549 వచ్చింది. సంతోషంగా కూర్చుని పది పిన్నులు నొక్కాను. రెక్కలు చక్కగా చుట్టుకుంటున్నాయి, కానీ వెనక రెక్కలు ఇన్సులేషన్ చుట్టూ చాలడం లేదు, కొమ్ముల్లాగా నిలబడుతున్నాయి. హౌసింగ్‌లోకి బలవంతంగా దూర్చాల్సి వస్తోంది. టూల్ లోపమా, నా చేతి లోపమా? వైరు టవర్ క్లాక్ దగ్గర ఎలక్ట్రికల్ అంగట్లో అన్నిటికంటే సన్నది ఇవ్వమని తెచ్చాను. 14/76 అన్నారు.

హార్నెస్‌పిల్ల (పెనుకొండ), ఆదివారం రాత్రి 8:05

మీ చేతిదీ కాదు, టూల్‌దీ కాదు సార్. 14/76 అంటే 0.0076 అంగుళాల పోగులు పద్నాలుగు. అన్నీ కలిపితే 0.41 చదరపు మి.మీ. వస్తుంది. ఎక్స్‌హెచ్ పిన్ను పట్టేది 22 గేజి వరకే, అంటే 0.33. ఇన్సులేషన్‌తో కలిపిన మందం 1.9 మి.మీ. దాటకూడదు. ఇళ్ల వైరింగ్ అంగట్లో అన్నిటికంటే సన్న వైరు కూడా ఈ పిన్నుకు లావే.

ఎలక్ట్రానిక్ స్పేర్లు అమ్మే చోట 7/0.2 వైరు అడగండి. 0.2 మి.మీ. పోగులు ఏడు, 0.22 చదరపు మి.మీ., మన 24 గేజికి దగ్గర. మీ సెన్సర్లకు అది చాలా ఎక్కువ.

కారందోశ (కడప), ఆదివారం రాత్రి 8:20

లాన్ కేబుల్ చీల్చితే ఎనిమిది రంగుల వైర్లొస్తాయి కదా, అదీ 24 గేజే. మా ఇంట్లో చుట్టలు చుట్టలు పడున్నాయి. ఆ ఆర్‌జే 45 టూల్ ఉంది కదా మరి 😀

హార్నెస్‌పిల్ల (పెనుకొండ), ఆదివారం రాత్రి 8:34

గోడల్లో వేసే లాన్ కేబుల్‌లో ఒకటే గట్టి తీగ ఉంటుంది. రెక్కల పిన్ను పోగుల వైరు కోసం చేసింది, ఒంటి తీగను పట్టి నిలపదు. నాసా వాళ్ల క్రింపింగ్ ప్రమాణం 8739.4లో కూడా ఒంటి తీగనూ, ముందే సాల్డరింగ్ పూసిన వైరునూ క్రింపు చేయొద్దని ఉంది. మిద్దెతోట రాకెట్టు కాదు, కానీ గాలి ఉందన్నారు కదా.

అన్నట్టు సార్, బజార్లో కొన్ని చవక వైర్లు రాగి పూత పూసిన అల్యూమినియం. కత్తితో ఒక పోగును గీకండి, లోపల తెల్లగా కనిపిస్తే పక్కన పెట్టేయండి.

మిద్దెతోట (అనంతపురం), బుధవారం రాత్రి 9:50

7/0.2 ఇక్కడ దొరకలేదు, బెంగళూరు నుంచి వచ్చే మా బామ్మర్దితో తెప్పించాను. తేడా మొదటి పిన్నుకే తెలిసింది. హౌసింగ్‌లోకి వేలితో తోస్తే "టిక్" అంది. ఇన్నాళ్లూ ఆ చప్పుడు వినలేదు, అదొకటి వినాలనే నాకు తెలియదు.

పిన్నును గాడిలో పెట్టేటప్పుడు జారుతోంది, దానికేమైనా చిట్కా ఉందా? వైరు దూర్చేలోపు పిన్ను తిరిగిపోతోంది.

బురుజునీడ (కర్నూలు), బుధవారం రాత్రి 10:11

ముందు పిన్ను ఒక్కటే పెట్టి, రాట్చెట్ ఒకటి రెండు పళ్లు పడేదాకా మెల్లగా నొక్కండి. పిన్ను నిలబడుతుంది, రెక్కలు ఇంకా వంగవు. అప్పుడు వైరు దూర్చి పూర్తిగా నొక్కండి. రెక్కలు ఏవైపు తిరిగున్నాయో ఒకటికి రెండుసార్లు చూసుకోండి, తిరగేసి పెడితే పిన్ను పోయినట్టే. మొదటి ఇరవై పిన్నులు దిష్టి తీసినట్టు పారేయడానికే అనుకోండి.

షెడ్డుమామ (గుంతకల్లు), గురువారం ఉదయం 6:55

మిద్దె మీదికి ఎక్కించే ముందు లాగి చూడండి. అన్నీ కాదు, వేరే ముక్క వైరుకు మూడు పిన్నులు నొక్కి వాటిని లాగండి, ఎందుకంటే లాగినదాన్ని మళ్లీ వాడకూడదు. యూఎల్ అనే అమెరికా భద్రతా ప్రమాణాల సంస్థ 486ఏ పట్టికలో 24 గేజికి 5 పౌండ్లు, అంటే దాదాపు 2.3 కిలోలు. 22 గేజికి 8 పౌండ్లు, మూడున్నర కిలోల పైమాటే. పిన్నును చిన్న వైస్‌లో బిగించి వైరుకు బరువు మెల్లగా వేలాడదీయండి, కుదుపు ఇవ్వొద్దు. ఒక్క నిమిషం నిలిస్తే చాలు.

మిద్దెతోట (అనంతపురం), శుక్రవారం రాత్రి 8:40

చేశాను. రెండు లీటర్ల నీళ్ల బాటిల్, దానికి పావుకిలో కందిపప్పు పొట్లం కట్టి వేలాడదీశాను. మూడూ నిలిచాయి. పాత పిన్నుల్లో, అంటే ప్లేయర్‌తో నొక్కినవాటిలో మూడు తెచ్చి అలాగే కట్టాను. ఒకటి బాటిల్ చెయ్యి వదలగానే ఊడింది. రెండోది పప్పు కట్టాక. మూడోది నిలిచింది, ఎందుకు నిలిచిందో దానికే తెలియాలి.

బాటిల్ పడ్డప్పుడు పప్పు పొట్లం కూడా పగిలింది. ఇంట్లో రెండో విడత.

టంకంతాత (కడప), శనివారం ఉదయం 6:15

ఆ మూడోది టంకం పెట్టిందేమో చూడు.

మిద్దెతోట (అనంతపురం), శనివారం ఉదయం 6:48

తాతగారూ, చూశాను. అవును, టంకం పెట్టిందే 🙏

షెడ్డుమామ (గుంతకల్లు), శనివారం ఉదయం 7:20

నేరుగా లాగితే టంకం నిలుస్తుంది, ఎవరు కాదన్నారు. ఊపి చూడమనండి.

టంకంతాత (కడప), శనివారం ఉదయం 7:26

నువ్వు గుంతకల్లు నుంచి వచ్చి ఊపు మామా, కాఫీ ఇస్తా.

కారందోశ (కడప), శనివారం ఉదయం 9:03

పంతులు సార్, నాకు పద్దెనిమిది పిన్నులే కావాలి, ఆక్వేరియం లైట్లకు. దానికోసం టూల్ కొనడం దండగ అనిపిస్తోంది. వైర్లు, పిన్నులు బస్సులో పంపితే నొక్కి పంపుతారా?

మిద్దెతోట (అనంతపురం), శనివారం ఉదయం 9:15

పంపు నాయనా. పిన్నులు ముప్పై పంపు, పద్దెనిమిది కాదు. వైరు ఎంత లావో ముందు ఇక్కడ రాయి.